మా పెరటి ఆకాశం

"ఇంత పైసలు పెట్టి కొన్నవు, ఇందుల కనపడేది గింతేనా బిడ్డా?"

మా అమ్మ టెలిస్కోపు మీంచి తల పైకెత్తి అన్న మొదటి మాట ఇది. 2024 జనవరి నెల. డాలస్ శివార్లలో మా ఇంటి పెరడు. చలికి ఒంటిమీద నా జాకెట్టు, తల చుట్టూ మా ఆవిడ శాలువా. నల్లగొండ నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చింది అమ్మ. వచ్చిన వారానికే పెరట్లోకి తీసుకెళ్ళి గురుగ్రహాన్ని చూపించాను. డెబ్భై రెండేళ్ళుగా పంచాంగ శ్రవణంలో వింటున్న బృహస్పతి చివరికి కంటిముందుకొచ్చేసరికి కందిగింజంత పాలిపోయిన బిళ్ళ, దానికి అటూ ఇటూ ఒకే వరసలో నాలుగు చుక్కలు!

ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అట్టపెట్టె మీద అచ్చేసిన రంగురంగుల బొమ్మలు చూసి టెలిస్కోపు కొనుక్కున్న ప్రతివాళ్ళకీ మొదటి రాత్రి ఎదురయ్యే ఆశాభంగమే అది. చాలా టెలిస్కోపులు ఆ రాత్రి తర్వాత గరాజ్‌లో అటకెక్కుతాయి. మాది కూడా అలా ఎవరి గరాజ్‌లోనో దుమ్ము కొట్టుకుపోతూ ఉంటే గరాజ్ సేల్‌లో చవగ్గా దొరికింది. ఎనిమిదంగుళాల అద్దం. ఆ తర్వాత దానికొక కెమెరా, తిప్పడానికొక మోటారు మౌంటు, దానికొక బ్యాటరీ... చారాణ కోడికి బారాణ మసాలా అంటారే, సరిగ్గా అదే.

మొన్నటి సంక్రాంతి సంబరాల్లో మన సంఘం వాళ్ళు నా ఫొటోలు కొన్ని గోడకు పెట్టారు. పిల్లలు చాలామంది "అంకుల్, ఇవి నాసా ఫొటోలా?" అని అడిగారు. కాదర్రా, వీటిలో ప్రతి ఒక్కటీ చుట్టూ వీధిదీపాలున్న ఇంటి పెరట్లోంచి తీసినదే. ఎలా అని అడిగిన పిల్లలకూ, ఎంతవుతుందని అడిగిన తల్లిదండ్రులకూ కలిపి ఈ వ్యాసం.

ముందు అమ్మ ప్రశ్నకు జవాబు చెప్పాలి. నక్షత్రాలు ఎందుకు మినుకుమినుకుమంటాయో తెలుసు కదా. మన నెత్తిమీదున్న గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. పారే నీళ్ళ అడుగున పడిన నాణేన్ని పైనుంచి చూస్తే వంకర్లు తిరుగుతూ కనపడుతుంది. గ్రహాలను మనం చూసేది కూడా అలాంటి గాలి ఏటిలోంచే. అయితే మధ్యమధ్యలో, సెకనులో ఏ వందో వంతో, గాలి కుదురుకుంటుంది. ఆ క్షణంలో గ్రహం గీత గీసినట్టు కనపడుతుంది. కన్ను దాన్ని పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. అందుకని గ్రహాలకు ఫొటో తీయరు, వీడియో తీస్తారు. సెకనుకు అరవై బొమ్మల చొప్పున రెండు నిమిషాలు తీస్తే ఏడువేల రెండువందల బొమ్మలు. వాటిలో ఏవి స్పష్టంగా ఉన్నాయో ఏరిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ఏరిన ఆరేడు వందల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, కందిగింజ మీద చారలు బయటపడతాయి.

అమ్మకు ల్యాప్‌టాప్ మీద ఇదంతా చూపిస్తుంటే ఓపిగ్గా విని, "అంటే చాటల పోసి చెరుగుతున్నవన్నట్టు" అంది. ఇన్నాళ్ళూ ఎందరికో ఎన్నో రకాలుగా వివరించాను కానీ ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేదు. పొల్లు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది. ఆ రాత్రి చెరగ్గా మిగిలిన గురుగ్రహం మీద రెండు గోధుమరంగు పట్టీలు, అంచున ఎర్రమచ్చ కనిపించాయి. ఆ మచ్చ ఒక తుఫాను. మన భూమిని దానిలో పడేస్తే ఇంకా చోటు మిగులుతుంది.

వీడియో రెండు నిమిషాలే ఎందుకు, గంట తీస్తే ఇంకా బాగుంటుంది కదా అని మా అమ్మాయి అడిగింది. గంట తీయకూడదు. గురుగ్రహం మన భూమికంటే పదకొండు రెట్లు వెడల్పైనా పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది. నాలుగైదు నిమిషాలు దాటితే ఎర్రమచ్చ పక్కకు జరిగి బొమ్మ అలికినట్టవుతుంది. శనికీ కొంత తొందరుంది కానీ దాని ఉంగరాల అందం వేరు. పదిహేనేళ్ళకొకసారి ఆ ఉంగరాలు మనకు అంచు చూపిస్తాయి. 2025 మార్చిలో అదే జరిగింది. ఆ ఏడాది శనిని చూసిన పిల్లలు "ఉంగరం ఏదీ?" అని అడిగితే, సన్నటి గీతను చూపించాల్సొచ్చింది. ఇప్పుడు అవి ఏడాదికేడాది తెరుచుకుంటాయి. మీ ఇంట్లో పిల్లలుంటే ప్రతి సంవత్సరం ఒక ఫొటో తీసి దాచండి, వాళ్ళు కాలేజీకి వెళ్ళేలోపు వరస పూర్తవుతుంది.

గెలాక్సీల సంగతి పూర్తిగా వేరు. గ్రహాల దగ్గర వెలుగుకు కొదవ లేదు, స్పష్టత కావాలి. గెలాక్సీల దగ్గర వెలుగే కరువు. నిమిషాల కొద్దీ, గంటల కొద్దీ కెమెరా కన్ను తెరిచి కూర్చోవాలి. ఈలోగా భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి టెలిస్కోపు దానికి ఎదురు తిరగాలి. అలా తిరగాలంటే దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి ఉండాలి. ఇక్కడ పిల్లలకొక సరదా లెక్క. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే, ఆకాశంలో ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. మీరున్న ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువుడు ఆకాశంలో అంత ఎత్తులో ఉంటాడు. డాలస్‌లో మూడు పిడికిళ్ళు దాటి. మా అమ్మాయి కొలిచి చూసింది, సరిపోయింది. "నానమ్మా, మీ ఊళ్ళో ఎంత ఎత్తు?" అంటే, నల్లగొండ పదిహేడు డిగ్రీలు కాబట్టి రెండు పిడికిళ్ళు కూడా ఉండవు. అమ్మ అందుకుని, "మా దిక్కు ధ్రువుడు తాళ్ళ సందుల ఉంటడు" అంది. పెళ్ళిలో అరుంధతిని చూపించడం మనందరికీ తెలుసు. అమెరికా వచ్చినవాళ్ళు ధ్రువుణ్ణి కూడా ఒకసారి కొలిచి చూడాలి. మనం ఎంత దూరం వచ్చామో నెత్తిమీద కనపడుతుంది.

మా ఊరి రాత్రి నలుపు కాదు, నారింజ రంగు. వీధిదీపాలు, మాల్ దీపాలు, అన్నిటికీ మించి పక్కింటాయన పెరట్లో పిల్లి కదిలినా వెలిగే ఫ్లడ్‌లైటు. ఇంత వెలుగులో ఆండ్రోమెడా గెలాక్సీని కంటితో చూడటం అసాధ్యం. చీకటి ఊళ్ళలో మాత్రం అది మామూలు కంటికే చిన్న మబ్బుతునకలా కనపడుతుంది. ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల దూరం. అంటే ఈ రాత్రి మన కెమెరాలో పడుతున్న వెలుగు బయల్దేరినప్పటికి భూమ్మీద మనలాంటి మనుషులే లేరు. అది నిజానికి చిన్నదేం కాదు. ఆకాశంలో దాని వెడల్పు పున్నమి చంద్రుళ్ళను ఆరింటిని పక్కపక్కన పేర్చినంత. చిన్నది కాదు, మసకది.

ఆ మసకని పట్టుకోవడానికి కూడా పేర్చడమే మార్గం. భజనలో ఒక్కడే పాడుతూ దగ్గితే పాట పోతుంది. వందమంది కలిసి పాడుతుంటే ఒక్కొక్కరు ఒక్కో చోట దగ్గినా పాటే వినపడుతుంది. ఒక్కో ఫొటోలో గెలాక్సీ వెలుగు పాటయితే, కెమెరా గరగరలు దగ్గులన్నమాట. వంద ఫొటోలు పేరిస్తే గరగర పదోవంతుకు తగ్గుతుంది. ఇంకో పదోవంతుకు తగ్గాలంటే రెండువందలు చాలవు, పదివేలు కావాలి. అందుకే ఈ పిచ్చి పట్టినవాళ్ళు ఒకే గెలాక్సీ మీద నాలుగైదు రాత్రులు గడుపుతారు.

నేను కూడా ఇంజనీరునే, అందుకని ఐజాక్ రాబర్ట్స్ అంటే నాకు కాస్త అభిమానం ఎక్కువ. ఇంగ్లండులో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు ఆయన. 1888 డిసెంబరులో లివర్‌పూల్ దగ్గర తన ఇంటి టెలిస్కోపుతో ఆండ్రోమెడాను గంటలకొద్దీ ఫొటో తీసి, అది సుడి తిరిగి ఉందని ప్రపంచానికి మొదటిసారి చూపించాడు. ఆయన కాలంలో అది మన పాలపుంతకు బయటిదని కూడా ఎవరికీ తెలియదు. ఆ సంగతి 1920లలో ఎడ్విన్ హబుల్ తేల్చాడు.

ఇళ్ళల్లోంచి ఆకాశాన్ని చూసిన వాళ్ళు ఇంగ్లండులోనే ఉన్నారనుకోకండి. విశాఖపట్నం డాబాగార్డెన్స్ పేరు విన్నారు కదా. 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు అక్కడే తన ఇంటి దగ్గర సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోతుంటే చూసి లెక్కలు రాశారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో తన ఎస్టేటులో పెట్టిన టెలిస్కోపులే తర్వాత నిజామియా వేధశాల అయ్యాయి. ఆకాశమంతా ఫొటోలు తీసి నక్షత్రాల పటం గీయాలని దేశదేశాల వేధశాలలు పంచుకున్న పనిలో ఒక వాటా హైదరాబాదుకు వచ్చింది. ఇవి మన బళ్ళలో ఎవరూ చెప్పలేదు. నాకూ యాభై ఏళ్ళు దాటాకే తెలిసింది.

ఇక సూర్యుడు. ఇక్కడ పిల్లలు కాస్త నిటారుగా కూర్చుని వినాలి. భూతద్దం కింద ఎండుటాకు ఏమవుతుందో తెలుసు కదా. టెలిస్కోపంటే పెద్ద భూతద్దమే, మన కన్ను ఎండుటాకు కంటే సుకుమారం. కంట్లో నొప్పి కూడా తెలియకుండానే చూపు పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే లక్షలో ఒక వంతు వెలుగును మాత్రమే లోపలికి వదిలే ప్రత్యేకమైన పల్చటి రేకును టెలిస్కోపు ముందుభాగానికి, సూర్యుడికి ఎదురుగా, గట్టిగా బిగించాలి. కంటి దగ్గర, అంటే వెనకవైపు, పెట్టే చిన్న ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, వాటిని ముట్టుకోవద్దు. రేకును ప్రతిసారీ దీపానికెదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూసుకోవాలి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఈ పని అసలు చేయొద్దు. ఇంత జాగ్రత్త పడితే మాత్రం సూర్యుడంత సులువైన వస్తువు ఇంకొకటి లేదు. నిద్ర చెడదు, చలి లేదు, పక్కింటాయన ఫ్లడ్‌లైటు బాధ లేదు.

గట్టిగా బిగించాలని చెప్పాను కదా. నా కథంతా అక్కడే ఉంది.

2024 ఏప్రిల్ 8, సోమవారం, సంపూర్ణ సూర్యగ్రహణం నేరుగా డాలస్ మీదుగా వెళ్ళింది. ఎంతెంత దూరాల నుంచో జనం విమానాలెక్కి మా ఊరికొచ్చారు. మేము మాత్రం వంటింటి తలుపు తీసి బయటికొస్తే చాలు. మా ఇంటి దగ్గర మూడు నిమిషాలకు పైగా చీకటి. నాకు ఆ మూడు నిమిషాలతో నలభై నాలుగేళ్ళ బాకీ ఉంది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. సంపూర్ణ గ్రహణం మా నల్లగొండ మీదుగానే వెళ్ళింది. మా ఊరికి ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు టెలిస్కోపులు మోసుకొచ్చారని రేడియోలో చెప్పారు. ఊళ్ళో మాత్రం వీధులన్నీ కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. మా పెంకుటింట్లో తలుపులు బిగించి, కిటికీ సందుల్లో పాత చీరలు కూరి, అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. నానమ్మ పక్కగదిలో జపం చేసుకుంటోంది. నేను ఏడ్చాను, తన్నాను, బాత్‌రూంకని అబద్ధమాడాను. తలుపు తీయలేదు. మూడున్నర దాటాక పక్షులన్నీ ఒక్కసారి అరిచి ఆగిపోయాయి. ఎక్కడో కోడి కూసింది. అంతే, నా గ్రహణం అయిపోయింది.

ఈసారి అలా కాకూడదని ఏడాది ముందు నుంచీ సాధన చేశాను. 2023 అక్టోబరులో వచ్చిన పాక్షిక గ్రహణంతో రిహార్సల్ అయింది. ఏ నిమిషానికి ఏం చేయాలో కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన అంటించాను. అమ్మ తన ఏర్పాట్లు తాను చేసుకుంది. అది అమావాస్య, మర్నాడే క్రోధి నామ సంవత్సర ఉగాది. ఊరి నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు పొట్లం, చింతపండు, పచ్చళ్ళ జాడీలు, ఆఖరికి ఫ్రిజ్‌లో పాలడబ్బా మీద కూడా దర్భపోచలు పడ్డాయి. పొద్దున్నే మబ్బులు కమ్ముకున్నాయి. ఎనిమిది గంటల నుంచి పన్నెండు దాకా నేను ఆకాశం వంక, మా ఆవిడ నా ముఖం వంక చూస్తూ గడిపాం. గ్రహణం పట్టే వేళకు మబ్బులు విడిపోతూ వచ్చాయి.

పన్నెండూ ఇరవై మూడుకు పట్టు మొదలైంది. అమ్మ స్నానం చేసి, జపమాల పట్టుకుని అద్దాల తలుపుకు లోపలివైపు కుర్చీ వేసుకుంది. రమ్మని నేను అడగలేదు. అడగొద్దని మా ఆవిడ ముందే చెప్పింది.

మా అమ్మాయి వంటింట్లోంచి బూందీ గరిటె పట్టుకొచ్చింది. సూర్యుడికెదురుగా పట్టుకుంటే సిమెంటు గచ్చు మీద, చిల్లుకొకటి చొప్పున, నూరు నెలవంకలు పడ్డాయి. చిన్న చిల్లులోంచి వచ్చే వెలుగు చిల్లు ఆకారంలో కాదు, సూర్యుడి ఆకారంలో పడుతుంది. సూర్యుడు వంకయితే వెలుగూ వంకే. "నానమ్మా, చూడు!" అని అది గరిటె ఊపుతుంటే, అమ్మ అద్దం తలుపు జరిపి గచ్చు వంక చాలాసేపు చూసింది.

"గీ వంక నేను చూసిన," అంది.

ఎక్కడని అడిగాను.

"మనింట్లనే. పెంకు సందుల్నించి వచ్చి గోడ మీద పడ్డది. నీకు కనపడొద్దని నేనే అడ్డం కూసున్న. నా మీదనే పడ్డది."

నాకు గుర్తొచ్చింది. ఆ గదిలో తూర్పుగోడ మీద ఎప్పుడూ మధ్యాహ్నం పూట రూపాయి బిళ్ళంత వెలుగు పడేది. చిల్లుకూ గోడకూ మధ్య మూడు మీటర్లుంటే సూర్యుడి బొమ్మ మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా పడుతుంది, రూపాయి బిళ్ళే. సందులన్నీ కూరిన ఆ గది, మధ్యలో ఒక్క చిల్లు. అంతకంటే మంచి కెమెరా ఏ ఇంట్లోనూ ఉండదు. గ్రహణాన్ని ఇంట్లోకి రానీయకూడదని తలుపులు మూసుకున్న గదిలోనే దాని బొమ్మ వచ్చి అమ్మ చీర మీద పడింది.

"అప్పటికి మీ చెల్లెకు ఆరో నెల. ఎవ్వరికి చెప్పలే. మీ నాయినకు కూడ చెప్పలే. అది పుట్టినంక ముందుగాల మూతే చూసిన."

గ్రహణం మొర్రి అనే మాట మీకు తెలిసే ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళ మీద గ్రహణం పడితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని ఊళ్ళో నమ్మకం. మా ఆవిడ నర్సు. అమ్మ పక్కన కూర్చుని, పెదవి ఏర్పడేది మొదటి రెండు నెలల్లోపేననీ, ఆరో నెలకు అదంతా ఎప్పుడో అయిపోయి ఉంటుందనీ, మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదనీ మెల్లగా చెప్పింది. అమ్మ విని, "గట్లనా," అంది. కాసేపాగి, "అప్పుడు ఎవరన్న చెప్తే ఐపోవు గదా," అంది. మూడు నెలలు ఆమె ఒక్కతే మోసిన భయం అది. తలుపు తీయలేదని నలభై నాలుగేళ్ళు నేను చెప్పుకుంటూ తిరిగిన కథలో ఈ ముక్క లేదు.

ఒంటిగంటా ముప్ఫైకి వెలుగు పలచబడి, నీడలు కత్తితో కోసినట్టయ్యాయి. చల్లగాలి మొదలైంది. అమ్మ గడప దాటి గచ్చు మీదికొచ్చింది. మా అమ్మాయి ఆమె కళ్ళజోడు మీదే గ్రహణం కళ్ళజోడు పెట్టి, చెవుల దగ్గర పట్టుకు నిలబడింది. నేను ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను.

ఒంటిగంటా నలభైకి చీకటి పడింది. సంపూర్ణ గ్రహణంలో మాత్రమే, ఆ కొద్ది నిమిషాలు మాత్రమే, ముందున్న ఫిల్టరు తీసేయాలి. లేకపోతే ఫొటోలో నల్లటి తెర తప్ప ఏమీ పడదు. నా కాగితం మీద మొదటి పని అదే. అయితే పొద్దున గాలికి ఎగిరిపోతుందేమోనని దాన్ని డక్ట్ టేపుతో చుట్టూ అంటించాను. ఎండకు టేపు కరిగి బంకలా పట్టేసింది. గోళ్ళతో పీకాను. రాలేదు. మొత్తం బలం పెట్టి లాగితే రేకూ ఊడింది, టెలిస్కోపూ పక్కకు తిరిగింది. తెర మీద సూర్యుడు లేడు. ముప్ఫై ఏళ్ళుగా కంప్యూటర్లతో కుస్తీ పడుతున్నవాణ్ణి, వంగి బాణం గుర్తులు నొక్కుతూ సూర్యుడి కోసం వెతుకుతున్నాను. వెనక వీధంతా కేకలు. మా అమ్మాయి "నాన్నా, లుక్ అప్! లుక్ అప్!" అని అరుస్తోంది. "ఒక్క నిమిషం!" అన్నాను. ఆ నిమిషానికి నా దగ్గర ఎన్ని సెకన్లున్నాయో నాకు తెలుసు, అయినా అన్నాను.

బొమ్మ తెర మీదికొచ్చాక ఒకే ఒక్క ఫొటో పడింది. ఫోకస్ తప్పింది. తల పైకెత్తేసరికి నల్లటి బింబం, చుట్టూ తెల్లటి జుట్టు విరబోసుకున్నట్టు వెలుగు. నాలుగో అయిదో సెకన్లు. అంచున వజ్రం మెరిసింది, అయిపోయింది.

అమ్మ మాత్రం మొత్తం చూసింది. ఆ సాయంత్రం విడుపు స్నానం అయ్యాక, చింతపండు నానబెడుతూ నాకు వర్ణించి చెప్పింది. కిందివైపు అంచున గులాబి రంగు రవ్వ ఉందట, నిప్పుకణికలా. అది ప్రామినెన్స్, సూర్యుడి మీంచి ఎగసిన వాయుజ్వాల. పక్కన పెద్ద చుక్క కనపడిందట. శుక్రుడు. ఇంకోవైపు ఇంకో చుక్క. "నువ్వు జనవరిల చూపెట్టిన కందిగింజ," అన్నాను. "అవునా! ఉత్త కళ్ళతోని మంచిగ కనపడ్డడు," అంది.

ఆ గులాబి రవ్వల గుట్టు తెలుసుకోవడానికే 1868 ఆగస్టు 18 నాటి గ్రహణానికి ఖగోళ శాస్త్రవేత్తలు మన గుంటూరుకు వచ్చారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి వాటి వెలుగును విడగొట్టి చూసి, అవి మండే వాయువులని తేల్చాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూసే ఉపాయం మర్నాడే గుంటూరులోనే కనిపెట్టాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో దొరికిన ఒక పసుప్పచ్చ గీతే హీలియం ఆనవాలు. పుట్టినరోజు బెలూన్లలో మనం నింపే వాయువు 1895 దాకా భూమ్మీద ఎవరికీ దొరకనేలేదు. అదే గుంటూరులో ఆ రోజు మేజర్ టెనెంట్ బృందం గ్రహణానికి ఫొటోలు తీసింది. అప్పట్లో ఫొటో అంటే గాజుపలక మీద మందు పూసి, అది తడారేలోపు తీసి, తడారేలోపు కడగాలి. ఆగస్టు నెల గుంటూరు ఎండలో! వాళ్ళు ఫొటోలు తీయగలిగారు. నా దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, డక్ట్ టేపు కూడా ఉంది.

మరి నా దగ్గర మంచి ఫొటో లేదా అంటే, ఉంది. ఆ సమయంలో మా ఆవిడ తన ఫోను ఎటో పట్టుకుని నొక్కింది. చీకట్లో అందరూ నీడల్లా ఉన్నారు. అమ్మ, మా అమ్మాయి ఒకరి భుజం ఒకరు పట్టుకుని పైకి చూస్తున్నారు. పక్కన ఒక శాల్తీ మాత్రం వంగి, ల్యాప్‌టాప్ వెలుగు ముఖం మీద పడుతుండగా కిందికి చూస్తోంది. అది హాల్లో ఫ్రేము కట్టి పెట్టారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మా అమ్మాయే వివరిస్తుంది.

నెల తిరిగేసరికి, 2024 మే మొదటి పదిహేను రోజుల్లో, సూర్యుడి మీద పెద్ద మచ్చల గుంపు వచ్చింది. భూమిని పక్కపక్కన పదిహేనుసార్లు పేర్చినంత పొడవు. గ్రహణం కళ్ళజోడుతోనే కనపడింది. ఈసారి రేకును వెల్‌క్రో పట్టీలతో బిగించి, ముందు అందరం చూశాక కెమెరా పెట్టాం. ఆ మచ్చల దగ్గర్నుంచి ఎగసిన తుఫానుకే మే 10 రాత్రి టెక్సస్ దాకా ధ్రువకాంతులు వచ్చాయి. కంటికి పెద్దగా తెలియలేదు కానీ ఫోనులో ఉత్తరం దిక్కంతా గులాబీ రంగు. ఆ మచ్చ తగ్గిందా లేదా అని అమ్మ రోజూ పొద్దున కాఫీ తాగుతూ అడిగేది, ఇంట్లో మనిషికి జ్వరమొస్తే అడిగినట్టు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నాలాగా మసాలాలన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. ఫోనును కిటికీగట్టు మీద కదలకుండా ఆనించి చంద్రుడు, శుక్రుడు పక్కపక్కనున్న రోజు తీయండి. కొన్ని ఊళ్ళ గ్రంథాలయాల్లో పుస్తకాల్లాగే టెలిస్కోపు కూడా అరువిస్తారు, అడిగి చూడండి. కొత్తగా వచ్చిన స్మార్ట్ టెలిస్కోపులు చేతిసంచీలో పట్టేంతే ఉంటాయి. ఆండ్రోమెడా కావాలని ఫోనులో నొక్కితే అవే వెతికి, అవే పేర్చి, అరగంటలో చూపిస్తాయి. మంచి ఫోను ఖరీదు కంటే తక్కువకే వస్తున్నాయి. చేత్తో చెరిగిన తృప్తి ఉండదు, నిజమే. కానీ పిల్లలకు పదింటికల్లా నిద్రొస్తుంది కాబట్టి నేను వాటిని తక్కువ చేయను.

అమ్మ ఆ జూలైలో నల్లగొండ వెళ్ళిపోయింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి మన దేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణం, అమెరికాలో కనపడలేదు. మాకు పగలు. ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. అమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. మా ఇంటి డాబా పిట్టగోడ, దాని పైన నల్లటి ఆకాశంలో కదిలిపోయిన ఎర్రటి చుక్క. చెల్లెలు, దాని పిల్లలు కూడా డాబా మీదే ఉన్నారట. మబ్బులు వచ్చిపోతున్నాయట.

వెంటనే ఫోను చేశాను. "ఇంకా ఉన్నయా అమ్మా? అన్నీ పంపు, పేర్చి చూస్తాను," అన్నాను.

"ఒక్కటే దీసిన," అంది. "ఉండు, ఇడుస్తుంది, మళ్ళ చేస్త."